కోరాపుట్, రాయగడ కాన్పుల వార్డుల్లో ఇన్‌ఛార్జి సిస్టర్

ఆసుపత్రి కాన్పుల విభాగాన్ని ఒక షిఫ్టు పాటు నడిపించే నర్సే ఇన్‌ఛార్జి సిస్టర్. ఏ మంచం ఎవరికివ్వాలి, ఏ గర్భిణి దగ్గర ఏ నర్సు ఉండాలి, డాక్టరును ఎప్పుడు పిలవాలి, ఏ మందు నిండుకుంటోంది, ఎవరిని పెద్దాసుపత్రికి పంపాలి అన్నవన్నీ ఆమె చూసుకోవాల్సిన సంగతులు. నర్సులు, ఆయాలు, స్వీపర్లు, శిక్షణకు వచ్చిన నర్సింగ్ విద్యార్థినులు ఆమె మాట మీద పనిచేస్తారు. ఇవి చూస్తూనే ఆమె తన చేతులతో కాన్పులూ చేస్తుంది. అయినా ఈ పేరుతో పోస్టు ఉద్యోగ నిబంధనల్లో కనిపించదు. కేంద్ర ప్రభుత్వం 2016లో తన ఆసుపత్రుల్లో స్టాఫ్ నర్సుకు నర్సింగ్ ఆఫీసర్ అని, నర్సింగ్ సిస్టర్‌కు సీనియర్ నర్సింగ్ ఆఫీసర్ అని పేర్లు మార్చింది. తరువాత చాలా రాష్ట్రాలు అదే దారి పట్టాయి. ఇన్‌ఛార్జి మాత్రం హోదా కాదు, అప్పగించిన పని. పగలు ఒక సీనియర్ ఆ పని చూస్తారు. సాయంత్రం, రాత్రి డ్యూటీల్లో ఉన్నవాళ్లలో ఎవరు సీనియరైతే బాధ్యత వారిదే. రెండు మూడేళ్ల సర్వీసున్న నర్సు రాత్రంతా కాన్పుల గదికి పెద్దదిక్కుగా నిలబడటం జిల్లా ఆసుపత్రుల్లో మామూలే.

ఒడిశా దక్షిణ కొసన ఉన్న కోరాపుట్, రాయగడ జిల్లాల్లో ఈ పని బరువు మరింత ఎక్కువ. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరుపడే దాకా ఈ కొండప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలో, విశాఖపట్నం జిల్లా కింద, జయపురం సంస్థానంగా ఉండేది. ఆ తరువాత ఒకే పెద్ద జిల్లాగా ఉండి, 1992 అక్టోబరు 2న కోరాపుట్, రాయగడ, నవరంగపూర్, మల్కన్‌గిరి జిల్లాలుగా విడిపోయింది. 2011 జనగణన నాటికి కోరాపుట్ జనాభా దాదాపు 13.8 లక్షలు, రాయగడ జనాభా దాదాపు 9.7 లక్షలు. రెండు చోట్లా సగానికి పైగా గిరిజనులే. కోందులు, పరజలు, గదబలు, భూమియాలు, గుణుపురం వైపు సవరలు, నియమగిరి మీద డోంగ్రియా కోందులు ఈ ఆసుపత్రులకు వచ్చే తల్లులు. ఊళ్లు చాలావరకు వాగుల అవతల, గట్ల మీద ఉంటాయి. కొన్నిచోట్ల రోడ్డు దాకా గర్భిణిని డోలీలో మోసుకు రావాల్సిందే.

ఆసుపత్రులు లేవని కాదు. కోరాపుట్‌లో షహీద్ లక్ష్మణ్ నాయక్ వైద్య కళాశాల 2017లో మొదలైంది. 1943 మార్చి 29న బరంపురం జైలులో బ్రిటిష్ ప్రభుత్వం ఉరితీసిన ఆ గిరిజన యోధుడు ఈ జిల్లావాడే. రాయగడలో జిల్లా కేంద్ర ఆసుపత్రి, గుణుపురంలో సబ్ డివిజనల్ ఆసుపత్రి ఉన్నాయి. బిస్సంకటక్‌లో డెన్మార్క్ వైద్యురాలు ఎలిజబెత్ మాడ్సెన్ 1954లో ప్రారంభించిన క్రిస్టియన్ ఆసుపత్రి నర్సులకు చదువు చెబుతూ ఇప్పటికీ నడుస్తోంది. పెద్ద ప్రభుత్వ వైద్య కళాశాల అంటే బరంపురం దాకానో, రాష్ట్రం దాటి విశాఖ కింగ్ జార్జి ఆసుపత్రి దాకానో పోవాల్సిన రోజులు ఈ జిల్లాలు చాలాకాలం చూశాయి. కొందరికి ఆ ప్రయాణం ఇప్పటికీ తప్పడం లేదు.

గత ఇరవై ఏళ్లలో వచ్చిన మార్పును తక్కువ చేయనక్కరలేదు. ప్రతి లక్ష సజీవ జననాలకు తల్లుల మరణాలు ఒడిశాలో 2004-06లో 303గా నమోదయ్యాయి. 2018-20 నాటికి అవి 119కి తగ్గాయి. ఆసుపత్రి కాన్పులు 2005-06లో మూడో వంతుకు కాస్త పైన ఉండగా, 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి 92 శాతం దాటాయి. 2005లో మొదలైన జననీ సురక్షా యోజన ఆసుపత్రిలో కాన్పయిన గ్రామీణ తల్లికి 1,400 రూపాయలు చేతికిచ్చింది. 2011లో జననీ శిశు సురక్షా కార్యక్రమం మందులు, పరీక్షలు, రక్తం, ఆపరేషను, భోజనం, రాకపోకల ఖర్చును ప్రభుత్వం మీద వేసింది. ఒడిశా తన వంతుగా తల్లులకు నగదు ఇచ్చే మమతా పథకం పెట్టింది. కొండ ఊళ్ల గర్భిణులు నెలలు నిండే ముందే వచ్చి ఆసుపత్రి దగ్గర ఉండేందుకు మా గృహాలు కట్టింది. అయినా అదే 2018-20 లెక్కల్లో ఆంధ్రప్రదేశ్ 45 దగ్గర, తెలంగాణ 43 దగ్గర ఉన్నాయి. తల్లిని ఆసుపత్రి గుమ్మం దాకా తీసుకురావడంలో ఒడిశా నెగ్గింది. గుమ్మం లోపల ఆమెకు ఏమవుతుందన్నదే ఇప్పటి ప్రశ్న. ఆ ప్రశ్నకు రోజూ, గంట గంటకూ జవాబు చెప్పాల్సిన వ్యక్తి ఇన్‌ఛార్జి సిస్టర్.

ఆమె పని ఓవర్ తీసుకోవడంతో మొదలవుతుంది. దిగిపోయే షిఫ్టు నర్సులు ఒక్కో మంచం దగ్గర నిలబడి ఒక్కో తల్లి పరిస్థితి చెప్పి అప్పగిస్తారు. ఎన్నో కాన్పు, నెలలు నిండాయా, నొప్పులు ఎప్పుడు మొదలయ్యాయి, ఉమ్మనీరు పోయిందా, పోతే ఏ రంగులో ఉంది, బీపీ ఎంత, హిమోగ్లోబిన్ ఎంత, బ్లడ్ గ్రూపు ఏమిటి, బిడ్డ గుండె ఎలా కొట్టుకుంటోంది, డాక్టరు చివరిసారి ఎప్పుడు చూశారు అని ఆమె అడిగి తెలుసుకుంటుంది. అనుభవం గల సిస్టర్ ఈ మాటలు వింటూనే తల్లులను మనసులో వరుస పెట్టుకుంటుంది. ఎవరిని ఇప్పుడే చూడాలి, ఎవరు గంట ఆగినా ఫరవాలేదు, ఎవరి గురించి డాక్టరుకు ముందే ఫోను చేసి పెట్టాలి అన్న లెక్క అది. ఆ వెంటనే ఎమర్జెన్సీ ట్రే, ఆక్సిజన్ సిలిండర్, పిల్లల అంబూ బ్యాగు, సక్షన్, వార్మర్, ఆటోక్లేవ్ చేసిన డెలివరీ సెట్లు సరిచూస్తుంది. ట్రేలో మందు లేదన్న సంగతి ఓవర్ సమయంలో బయటపడితే ఇండెంటు రాసి తెప్పించవచ్చు. రక్తం కారుతున్నప్పుడు బయటపడితే ఆ లోటును ఎవరూ పూడ్చలేరు.

తరువాతి పని నర్సులను పంచడం. సాధారణ ఆసుపత్రుల్లో ఐదు మంచాలకు ఒక నర్సు, బోధనాసుపత్రుల్లో మూడు మంచాలకు ఒకరు ఉండాలని, సెలవుల కోసం మరో 30 శాతం మందిని అదనంగా పెట్టుకోవాలని భారత నర్సింగ్ మండలి ప్రమాణం చెబుతుంది. ఈ లెక్క మంచాలను చూస్తుంది. కాన్పుల గదిలో పనిని మంచాలతో కొలవలేం. నొప్పులు ముదిరిన తల్లికి అరగంటకోసారి బిడ్డ గుండె చప్పుడు వినాలి, నాడి చూడాలి, పది నిమిషాల పాటు పొట్ట మీద చెయ్యి వేసి ఎన్ని నొప్పులు వచ్చాయో, ఒక్కోటి ఎంతసేపు నిలిచిందో లెక్కించాలి. అలాంటి తల్లులు ఆరుగురుంటే నొప్పులు లెక్కించడానికే ప్రతి అరగంటలోనూ అరవై నిమిషాల నర్సు సమయం కావాలి. అంటే ఇద్దరు నర్సులు కాన్పు చేయకుండా, బిడ్డను తుడవకుండా, రిజిస్టరు ముట్టకుండా అదే పనిలో ఉండాలి. రాత్రి డ్యూటీలో ఆ గదికి మొత్తం ఉండేది ఇద్దరో ముగ్గురో. ఈ చిన్న లెక్కను సిబ్బందిని మంజూరు చేసే కార్యాలయాలు ఒక్కసారి వేసి చూసినా, కేస్ షీట్లలో గళ్లు ఎందుకు ఖాళీగా ఉంటున్నాయో తెలిసిపోతుంది.

ఆ గళ్లున్న కాగితాన్ని పార్టోగ్రాఫ్ అంటారు. దీని చరిత్ర కోరాపుట్ లాంటి చోట్లకు బాగా దగ్గరిది. గర్భాశయ ముఖం ఎంత వేగంగా తెరుచుకుంటుందో 1954లో అమెరికా వైద్యుడు ఫ్రీడ్‌మన్ గీత గీసి చూపాడు. 1972లో నేటి జింబాబ్వేలో, అప్పటి రొడీషియాలో, ఫిల్‌పాట్, కాసిల్ అనే ఇద్దరు వైద్యులు ఆ చార్టు మీద రెండు గీతలు చేర్చారు. మొదటిది హెచ్చరిక గీత. దానికి నాలుగు గంటల కుడివైపున చర్య గీత. మారుమూల క్లినిక్కులో మంత్రసాని చదువు చదివిన నర్సు ఒంటరిగా ఉంటుంది. ఆపరేషను చేయగల ఆసుపత్రి దూరంగా ఉంటుంది. తల్లి గీత హెచ్చరిక గీతను దాటగానే బండి ఎక్కిస్తే, చర్య గీత వచ్చేలోపు ఆసుపత్రి చేరుతుంది. రెండు గీతల మధ్య ఉన్నది ప్రయాణానికి కావలసిన సమయం. డాక్టరు లేని చోట నర్సు చేతికి నిర్ణయాన్ని ఇవ్వడానికే ఈ చార్టు పుట్టింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని దేశదేశాలకు వ్యాపింపజేసింది. 2020లో కొత్త రూపం తెచ్చి, చురుకైన నొప్పుల దశ గర్భాశయ ముఖం ఐదు సెంటీమీటర్లు తెరుచుకున్నప్పటి నుంచి మొదలవుతుందని మార్చింది.

ఆచరణలో పార్టోగ్రాఫ్‌ను చాలాచోట్ల కాన్పు అయ్యాక కూర్చుని నింపుతారు. తనిఖీకి వచ్చిన అధికారి కాగితం ఉందా లేదా చూస్తాడు, ఏ గంటకు నింపారో చూడడు. తరువాత నింపిన చార్టులో ప్రతి తల్లి గీతా చక్కగా హెచ్చరిక గీతకు ఎడమవైపే నడుస్తుంది. దాన్ని నమ్మి ఎవరినీ కాపాడలేం. ఇన్‌ఛార్జి సిస్టర్ గట్టిగా నిలబడితే ఇది మారుతుంది. అందరికీ నింపడం సాధ్యం కాని రాత్రి తొలిచూలు తల్లులను, లోగడ సిజేరియన్ అయినవారిని, బలహీనంగా ఉన్నవారిని ఎంచి, వాళ్ల చార్టులను మంచం దగ్గరే, ఆ గంటకు ఆ గంట నింపించడం ఆమె చేయగల పని. కొన్ని గళ్లు ఖాళీగా మిగిలినా సరే, ఉన్నవి నిజమైనవి కావాలి. నొప్పులు పెంచడానికి అదుపు లేకుండా ఆక్సిటోసిన్ ఇంజెక్షన్ వేయడం, బిడ్డ త్వరగా రావాలని పొట్ట మీద నొక్కడం వంటి పాత అలవాట్లను ఆపగలిగేదీ ఆమే. ఆ గదిలో అన్ని వేళలా ఉండేది నర్సు. డాక్టరు వచ్చి వెళ్తారు.

అన్నిటికన్నా ప్రమాదకరమైనది కాన్పు తరువాతి రక్తస్రావం. నిండు గర్భంలో గర్భసంచికి నిమిషానికి అర లీటరుకు పైగా రక్తం చేరుతుంది. మాయ ఊడిన వెంటనే గర్భసంచి బిగుసుకుని ఆ రక్తనాళాలను మూసేయాలి. బిగుసుకోకపోతే నిమిషాల్లో తల్లి తెల్లబడిపోతుంది. 500 మిల్లీలీటర్లు దాటితే రక్తస్రావం అని వైద్య గ్రంథాల లెక్క. ఆ గీత ఆరోగ్యవంతురాలిని దృష్టిలో పెట్టుకుని గీసినది. నలభై కిలోల బరువుతో, ఆరు గ్రాముల హిమోగ్లోబిన్‌తో, గర్భిణిగా ఉండగా మలేరియా వచ్చి తగ్గిన తల్లి ఆ గీత దాకా కూడా తట్టుకోలేదు. కోరాపుట్, రాయగడ కొండల్లో అలాంటి తల్లులు అరుదు కాదు. ఫాల్సిపరమ్ మలేరియాకు ఈ ప్రాంతం చిరకాలంగా పెట్టింది పేరు. దుర్గమ గ్రామాల కోసం 2017లో ఒడిశా చేపట్టిన దమన్ కార్యక్రమంతో కేసులు బాగా తగ్గాయి గానీ, తిండి చాలకపోవడం వల్ల వచ్చే రక్తహీనత తగ్గలేదు. దానికి సికిల్ సెల్ వ్యాధి తోడవుతుంది. కొడవలి ఆకారానికి వంగిపోయే ఎర్ర కణాలు సన్నని నాళాల్లో ఇరుక్కుని తీవ్రమైన నొప్పులు తెస్తాయి, ఊపిరితిత్తులను దెబ్బతీస్తాయి. కాన్పు ఒత్తిడి, ఒంట్లో నీరు తగ్గడం, చలి వీటిని రెచ్చగొడతాయి. 2047 నాటికి ఈ వ్యాధిని నిర్మూలించాలన్న జాతీయ కార్యక్రమం 2023 జులై 1న మొదలైంది. సికిల్ సెల్ పరీక్ష ఫలితం తల్లి కార్డు మీద రాసి ఉంటే, వార్డులో చేరిన నిమిషంలోనే సిస్టర్ రక్తం సిద్ధం చేయించగలదు. రాసి లేకపోతే ఒళ్లంతా నొప్పులని ఏడుస్తున్న తల్లివి కాన్పు నొప్పులే అనుకునే ప్రమాదం ఉంది.

రక్తస్రావాన్ని ఎదుర్కొనే పద్ధతి ఇప్పుడు స్పష్టంగా ఉంది. బిడ్డ పుట్టిన నిమిషంలోపు తల్లికి పది యూనిట్ల ఆక్సిటోసిన్ కండరానికి ఇవ్వాలి. ఈ మందు రెండు నుంచి ఎనిమిది డిగ్రీల చల్లదనంలో ఉండాలి. కరెంటు గంటల తరబడి పోయే చోట, ఫ్రిజ్ లేని గదిలో అలమరలో పెట్టిన ఆంప్యూల్‌లో శక్తి క్రమంగా తగ్గిపోతుంది. పైకి మాత్రం తేడా తెలియదు. ఫ్రిజ్ ఉష్ణోగ్రత రోజుకు రెండుసార్లు రాయించడం పనికిమాలిన చాకిరీగా కనిపిస్తుంది గానీ తల్లి ప్రాణం ఆ అంకె మీద నిలబడిన రాత్రులుంటాయి. కాన్పయ్యాక రెండు గంటల పాటు పావుగంటకోసారి నాడి, బీపీ, రక్తస్రావం, గర్భసంచి బిగువు చూడాలి. కంటి అంచనాతో రక్తాన్ని కొలిస్తే దాదాపు ఎప్పుడూ తక్కువగానే లెక్క వస్తుంది. కెన్యా, నైజీరియా, దక్షిణాఫ్రికా, టాంజానియాల్లోని 80 ఆసుపత్రుల్లో రెండు లక్షలకు పైగా కాన్పుల మీద జరిగిన అధ్యయనం ఫలితాలు 2023లో వెలువడ్డాయి. కొలత గీతలున్న ప్లాస్టిక్ సంచిని తల్లి కింద పరచి రక్తాన్ని కొలవడం, గీత దాటగానే గర్భసంచిని మర్దించడం, మందులు, ట్రానెక్సామిక్ యాసిడ్, సెలైన్, పరీక్ష అన్నీ ఒకేసారి మొదలుపెట్టడం అనే పద్ధతితో తీవ్ర రక్తస్రావం, దాని వల్ల జరిగే ఆపరేషన్లు, మరణాలు కలిపి 60 శాతం తగ్గాయి. అందులో కొత్త మందేదీ లేదు. అన్నీ లోగడ నుంచి ఉన్నవే. మారింది వాటిని వాడే క్రమం, వేగం. ఒకరు మర్దిస్తుంటే, మరొకరు ఇంజెక్షన్ వేస్తుంటే, ఇంకొకరు రక్తనిధికి పరుగెత్తేలా మనుషులను నిలబెట్టేది ఇన్‌ఛార్జి సిస్టరే. ఈ కసరత్తును నెలకోసారైనా ఖాళీ మంచం మీద సాధన చేయించే వార్డుకూ, చేయించని వార్డుకూ ఉన్న తేడా ఆ పది నిమిషాల్లో బయటపడుతుంది.

బీపీ పెరిగి ఫిట్స్ వచ్చే గుర్రపువాతం రెండో పెద్ద శత్రువు. దీనికి మెగ్నీషియం సల్ఫేట్ ఉత్తమమని చాలాకాలం కిందటే తేలింది. మొదటి మోతాదు ఇచ్చి పంపమని నర్సులకూ శిక్షణ ఉంది. మోతాదు ఎక్కువైతే ఊపిరి మందగిస్తుందన్న భయంతో కొందరు వెనకాడుతారు. మోకాలి ప్రతిచర్య, మూత్రం పరిమాణం, శ్వాస వేగం చూస్తూ, విరుగుడుగా కాల్షియం గ్లూకోనేట్ పక్కనే పెట్టుకుంటే ఆ భయానికి తావుండదు.

బిడ్డ విషయానికొస్తే ఇక్కడి చలిని మరువకూడదు. కోరాపుట్ పట్నం సుమారు 870 మీటర్ల ఎత్తున ఉంది. డిసెంబరు, జనవరి రాత్రుల్లో కిటికీ అద్దం పగిలిన కాన్పుల గదిలో తడి బిడ్డ నిమిషాల్లో చల్లబడుతుంది. గది కనీసం 25 డిగ్రీలుండాలి. బిడ్డను పొడిబట్టతో తుడిచి తల్లి రొమ్ముల మధ్య ఒంటికి ఒళ్లు తగిలేలా పడుకోబెట్టాలి. ఊపిరి తీయని బిడ్డకు మొదటి నిమిషంలోనే బ్యాగుతో గాలి అందించాలి. రెండున్నర కిలోల లోపు బిడ్డలు ఎక్కువగా పుట్టే ప్రాంతం కాబట్టి, నవజాత శిశువుల ప్రత్యేక యూనిట్‌లో మంచం ఖాళీ ఉందో లేదో ఇన్‌ఛార్జి ముందే కనుక్కుని ఉండాలి.

వార్డులో జరిగే నిర్ణయాలన్నిటిలోకి కఠినమైనది తల్లిని మరో ఆసుపత్రికి పంపడం. తల్లుల మరణాల వెనుక మూడు ఆలస్యాలుంటాయని 1994లో థాడియస్, మెయిన్ అనే పరిశోధకులు చెప్పారు. ఇంట్లో నిర్ణయించుకోవడంలో ఆలస్యం, దారిలో ఆలస్యం, ఆసుపత్రికి చేరాక వైద్యం అందడంలో ఆలస్యం. రెఫరల్ అంటే ఈ మూడూ మళ్లీ మొదటి నుంచి మొదలవడం. నారాయణపట్న నుంచో, కాశీపూర్ నుంచో గంటల ప్రయాణం చేసి వచ్చిన కుటుంబానికి ఇంకా ముందుకు పొమ్మని చెప్పాలి. బందుగాం వైపు వాళ్లకు పార్వతీపురం దగ్గర. పొట్టంగి వైపు వాళ్లకు సాలూరు దగ్గర. ఒడిశా, ఆంధ్రప్రదేశ్ రెండూ తమవంటున్న కొటియా ఊళ్ల తల్లులు ఏ దిక్కుకు దిగితే ఆ దిక్కు ఆసుపత్రికి చేరతారు. రాష్ట్రం మారితే అంబులెన్సు మారుతుంది, పథకం మారుతుంది, కాగితం మారుతుంది. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైన 108 సేవ 2013లో ఒడిశాకు చేరింది. గర్భిణుల కోసం 102 బండ్లూ ఉన్నాయి. బండి ఒక్కటే సరిపోదు. సిరలో పెట్టిన సూది, నడుస్తున్న సెలైన్, ఏ మందు ఏ గంటకు ఇచ్చారో రాసిన చీటీ, బ్లడ్ గ్రూపు, అవతలి ఆసుపత్రి లేబర్ రూమ్‌కు ముందుగా చేసిన ఫోను కావాలి. ఈ ఫోను సిస్టర్ నుంచి సిస్టర్‌కు పోతేనే పని జరుగుతుందని వార్డుల్లో అందరికీ తెలుసు. సరిహద్దుకు ఇటూ అటూ ఉన్న కాన్పుల వార్డుల నంబర్లు ఒకే కాగితం మీద రాసి గోడకు అంటించే ఏర్పాటును రెండు రాష్ట్రాల ఆరోగ్య శాఖలు కలిసి చేయాలి. డబ్బు ఖర్చు లేని పని ఇది. వెంటనే చేయవచ్చు.

ఈ వార్డుల్లో మాట అర్థం కావడం కూడా వైద్యంలో భాగమే. రాయగడ, గుణుపురం, జయపురం పట్నాల్లో తెలుగు వినబడటం వింత కాదు. కోరాపుట్ సంతల్లో దేశియా భాష నడుస్తుంది. కాగితాలన్నీ ఒడియాలో, ఇంగ్లిషులో. కోందుల కువి తెలుగుకు చుట్టమైన ద్రావిడ భాష. సవర మాత్రం ముండా కుటుంబానిది. ఈ సవరను పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి ఏళ్ల తరబడి నేర్చుకుని 1938లో నిఘంటువు వెలువరించారు. ఎనభై ఏళ్లు దాటిన తరువాత కూడా పుట్టాసింగ్ నుంచి వచ్చిన సవర తల్లికి ‘ఇప్పుడు ముక్కకు, ఊపిరి వదులు’ అని ఆమె భాషలో చెప్పగలిగే మనిషి డ్యూటీలో ఉండటం అదృష్టం మీద ఆధారపడి ఉంది. ఇన్‌ఛార్జి సిస్టర్ ఆ ఖాళీని వార్డులో ఉన్నవాళ్లతోనే పూడుస్తుంది. కువి వచ్చిన ఆయా, సవర వచ్చిన ఆశా కార్యకర్త, పక్క మంచం తల్లి వెంట వచ్చిన అత్త ఆమెకు దుబాసీలు. ఆపరేషనుకు అంగీకార పత్రం మీద వేలిముద్ర వేయించేటప్పుడు ఈ దుబాసీ మాట ఎంత నమ్మదగినదన్న ప్రశ్న తీవ్రమవుతుంది. జీతంతో, శిక్షణతో దుబాసీ పోస్టులు పెట్టడం ఈ రెండు జిల్లాలకు ఆడంబరం కాదు.

తల్లి వెంట ఇంటి ఆడమనిషి ఒకరు కాన్పుల గదిలో ఉండవచ్చని కేంద్రం 2016లోనే అనుమతించింది. గొంతుక్కూచుని కాన్పు కావడం ఇక్కడి ఊళ్ల అలవాటు. బల్లమీద వెల్లకిలా పడుకోబెట్టి కాళ్లు కట్టినట్టు పెట్టడం వాళ్లకు కొత్త, సిగ్గు, భయం. కాన్పు సాఫీగా సాగుతున్నప్పుడు తల్లిని తనకు నచ్చిన భంగిమలో ఉండనివ్వడం మేలని నేటి వైద్యమే చెబుతోంది. కసురుకోవడం, తొడ మీద చరచడం, బట్ట కప్పకుండా వదిలేయడం జరిగిన ఆసుపత్రికి ఆ తల్లి మళ్లీ రాదు. ఆమె చెల్లెలూ రాదు. 2017 డిసెంబరులో వచ్చిన లక్ష్య కార్యక్రమం కాన్పుల గదికి ఇచ్చే మార్కుల్లో గౌరవంగా చూడటాన్నీ చేర్చింది. పన్నెండు గంటల రాత్రి డ్యూటీలో ముగ్గురి పని ఒక్కరే చేస్తున్న నర్సు నోటి నుంచి మెత్తని మాట ఎప్పుడూ వస్తుందనుకోవడం కూడా న్యాయం కాదు. రెండూ నిజమే. వీటి మధ్య నిలబడి నర్సును మందలించాల్సిందీ, ఆమెకు పది నిమిషాలు కూర్చునే వీలు కల్పించాల్సిందీ ఇన్‌ఛార్జే.

రాతపని గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. లేబర్ రూమ్ రిజిస్టరు, అడ్మిషన్, రెఫరల్, రక్తం, మందుల ఇండెంటు, జనన నమోదు, పోర్టల్‌లో ఎక్కించాల్సిన వివరాలు, తల్లికి డబ్బు అందడానికి బ్యాంకు ఖాతా నంబరు, అన్నీ ఆమె బల్ల మీదికే వస్తాయి. ఒకే సంగతిని నాలుగు పుస్తకాల్లో రాయిస్తున్నారు. ఇందులో సగం పని డేటా ఎంట్రీ ఉద్యోగికి అప్పగిస్తే, ఒక్కో షిఫ్టులో గంటో రెండు గంటలో నర్సు సమయం తిరిగి తల్లి మంచం దగ్గరికి వస్తుంది.

ఇంటికి పంపే సమయంలో ఒత్తిడి వేరే రకం. కాన్పయ్యాక 48 గంటలు ఉంచాలి. ఇంటి దగ్గర చిన్నపిల్లలున్నారని, కోతల రోజులని, బండి ఇప్పుడే దొరికిందని కుటుంబం మర్నాడే బయల్దేరుతుంది. ఆపలేనప్పుడు సిస్టర్ చేయగలిగింది ఆశా కార్యకర్తకు ఫోను చేసి, మూడో రోజున, ఏడో రోజున ఇంటికి వెళ్లి చూడమని చెప్పడం. రక్తస్రావం, జ్వరం, ఫిట్స్, బిడ్డ పాలు తాగకపోవడం కనిపిస్తే వెంటనే రమ్మని ఆ కుటుంబానికి అర్థమయ్యే భాషలో చెప్పి, తిరిగి చెప్పించుకోవడం.

ఇంత పనిని మోయడానికి తగిన చదువు, అధికారం ఈ నర్సులకు ఉన్నాయా అన్నది విధానపరమైన ప్రశ్న. తెలంగాణ 2017లో ఫెర్నాండెజ్ ఆసుపత్రితో కలిసి కరీంనగర్‌లో ప్రభుత్వ నర్సులకు పద్దెనిమిది నెలల మిడ్‌వైఫరీ శిక్షణ మొదలుపెట్టింది. 2018లో కేంద్రం అదే బాటలో నర్స్ ప్రాక్టీషనర్ మిడ్‌వైఫ్ మార్గదర్శకాలు తెచ్చింది. తెలంగాణకు అది ఎందుకు అవసరమైందో చెప్పడానికి ఒక అంకె చాలు. 2019-21 సర్వేలో అక్కడి కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లు. ఒడిశాలో అవి 21.6 శాతం. కోరాపుట్, రాయగడల సమస్య అందుకు భిన్నమైనది. అక్కరలేని ఆపరేషన్ల కన్నా, అవసరమైన ఆపరేషను అందక, ఆలస్యంగా అంది జరిగే నష్టం ఇక్కడ పెద్దది. మిడ్‌వైఫరీ మామూలు కాన్పును చెడగొట్టకుండా నడిపించడం, తేడా వచ్చిన కాన్పును మొదటి గంటలోనే గుర్తించడం అనే రెండు పనులనూ నేర్పే చదువు కాబట్టి, ఈ జిల్లాలకు అది తెలంగాణ కన్నా ఎక్కువ అవసరం.

చదివించాక ఆ నర్సును కాన్పుల గదిలోనే ఉంచాలి. ఆరు నెలలకోసారి సర్జికల్ వార్డుకో, ఓపీకో మార్చే రొటేషన్ పద్ధతి శిక్షణను వృథా చేస్తోంది. కాంట్రాక్టు మీద ఏడాదికేడాది పొడిగింపు పొందే నర్సు డాక్టరుతో ‘సార్, ఇప్పుడే రావాలి’ అని గట్టిగా అనడానికి జంకుతుంది. ఆమె ఫోను చేసిన సమయాన్ని, అవతలి నుంచి వచ్చిన జవాబును, డాక్టరు వచ్చిన సమయాన్ని కేస్ షీట్‌లో రాసే నియమం ఉంటే జంకు కొంత తగ్గుతుంది. ఇన్‌ఛార్జి బాధ్యతకు ప్రత్యేక పోస్టు, భత్యం, నిర్ణీత అధికారాలు రాతపూర్వకంగా ఉండాలి. రెఫరల్ మొదలుపెట్టే హక్కు, మొదటి మోతాదు మందులు ఇచ్చే హక్కు, మంచాలకు మించి తల్లులు వచ్చినప్పుడు అదనపు నర్సును పిలిపించే హక్కు అందులో మొదటివి.

తల్లి చనిపోతే జరిగే సమీక్ష కూడా ఈ వరుసలోదే. ప్రసూతి మరణాన్ని ఆసుపత్రి స్థాయిలోనూ, తరువాత జిల్లా కలెక్టరు ముందూ పరిశీలించే పద్ధతి 2010 నుంచి ఉంది. సమీక్ష తప్పు పట్టడానికి కాదని మార్గదర్శకాలు స్పష్టంగా చెబుతాయి. కానీ ఆ రాత్రి డ్యూటీలో ఉన్న ఇన్‌ఛార్జి సిస్టర్‌ను సంజాయిషీ కోసం పిలిస్తే ఆమె తనను కాపాడుకునే మాటలే చెబుతుంది. సభ్యురాలిగా కూర్చోబెడితే రక్తం కోసం ఎన్ని ఫోన్లు చేసిందో, ట్రేలో ఏ మందు లేదో, ఎంతమంది తల్లులకు ఎందరు నర్సులున్నారో చెబుతుంది. కోరాపుట్, రాయగడ సమీక్షా సంఘాల్లో కాన్పుల వార్డు నుంచి ఒక ఇన్‌ఛార్జి సిస్టర్‌కు శాశ్వత స్థానం ఇవ్వడానికి కొత్త చట్టం అక్కరలేదు. జిల్లా స్థాయి ఉత్తర్వు చాలు.